నీళ్ళ లోకం వాళ్ళకు నేను కుట్టిన తొడుగులు

కొలతల విషయంలో నాకు పొగరు. ఆ మాట మొహం మీదే అంటారు, నేనూ కాదనను. ముప్పై ఏళ్ళుగా తెనాలిలో నాటకాలవాళ్ళకు బట్టలు కుడుతున్నాను. కృష్ణుడి పట్టుపంచె దగ్గర్నుంచి ఇన్‌స్పెక్టర్ చొక్కా దాకా నా మిషను మీద నుంచి వెళ్ళినవే. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, భుజం ఎంతో, నడుము ఎంతో చెప్పేస్తాను. తర్వాత టేపు పెట్టి చూసుకోండి, అర అంగుళం తేడా వస్తే అడగండి. అలాంటి నేను ఒక మనిషి కొలత ఘోరంగా తప్పాను. అది కూడా ఎంతో ఇష్టమైన మనిషిది. ఇది రాయమన్నది తనే. "పేర్లు మాత్రం వద్దక్కా, మిగతాదంతా రాసేయ్" అంది. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు, నాదీ ఉండదు.

పోయినేడాది ఎండాకాలం ముందు బాపట్ల నుంచి సైన్సు మాస్టారు వచ్చారు. బడిలో పాఠాలు చెబుతారు, సెలవుల్లో నాటకాలు రాసి ఆడిస్తారు. ఆయన చంకలో చుట్టిన కాగితాలు చూడగానే ఈసారి ఏదో గట్టి పనే తెచ్చారనుకున్నాను.

"అమ్మా, ఈసారి గ్రహాంతరవాసులండి" అన్నారు, కుర్చీ లాక్కుంటూ.

"ఎవరండీ వాళ్ళు? పొన్నూరు వైపా, దుగ్గిరాల వైపా?" అన్నాను.

ఆయన నవ్వి, బొమ్మలు గీసిన కాగితాలు పరిచారు. వాళ్ళ లోకమంతా నీళ్ళేనట. నేలన్నదే లేదట. ముగ్గురు ఓడలో బయల్దేరి వచ్చి మన నిజాంపట్నం దగ్గర దిగుతారు. ఒక తల్లి, ఇద్దరు మగవాళ్ళు. ఓడ లోపలంతా నీళ్ళే కాబట్టి అక్కడ వాళ్ళకు బట్టలతో పని లేదు. మణికట్టుకు నాచులాంటి పొడుగాటి పట్టీలు మాత్రం కట్టుకుంటారు, వయసు పెరిగే కొద్దీ ఇంకో పట్టీ కలుపుకుంటారు. కానీ గట్టు మీదికి వస్తే మన గాలికి వాళ్ళ ఒళ్ళు ఎండిపోతుంది. అందుకే తొడుగు కావాలి.

"మన వానకోటు నీళ్ళని లోపలికి రానివ్వదు కదండీ. వాళ్ళ తొడుగు నీళ్ళని బయటికి పోనివ్వకూడదు. అంతే తేడా" అన్నారు.

అంతే తేడా అట! ఈ మగవాళ్ళు ఎంత తేలిగ్గా చెబుతారో. నేను అడగాల్సినవన్నీ అడిగాను. వాళ్ళకు మెడ ఉందా, తల నేరుగా భుజాల మీదే ఉందా? కూర్చుంటారా? చెమట పడుతుందా? చివరికి అడిగాను, "వాళ్ళకి సిగ్గుందా మాస్టారూ?"

"సిగ్గా?" అని తెల్లబోయారు.

"సిగ్గున్నవాళ్ళకి ఒక రకంగా కుట్టాలండీ, లేనివాళ్ళకి ఇంకో రకంగా."

"ఉండదండి. నీళ్ళల్లో పుట్టి నీళ్ళల్లో పెరిగేవాళ్ళకి సిగ్గెందుకుంటుంది?" అన్నారు.

అయితే తొడుగు ఒంటికి అంటిపెట్టుకుని ఉండాలి. చేపకు చర్మం ఉన్నట్టు. ఎక్కడా వదులు కనపడకూడదు. ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. రేపల్లె వైపు రొయ్యల చెరువుల్లో అడుగున పరిచే నల్ల షీటు తెప్పించి ముంజేతులకు, మోకాళ్ళకు వేశాను. మిగతా ఒళ్ళంతా లాగితే సాగే బట్ట, సముద్రం రంగుది. మెడ దగ్గర, మణికట్టు దగ్గర నీళ్ళు కారకుండా ఉండటానికి సైకిల్ ట్యూబు కోసి పట్టీలు కుట్టాను. తలకు ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ సగానికి కోసి బోర్లించాను. మాస్టారు దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. వెనక మూపున కట్టిన డబ్బాలోంచి ఛాతీ మీదికి నీళ్ళు వస్తున్నట్టు కనపడాలి కదా, దానికి మందుల షాపులో సెలైను పైపులు కొని తెచ్చి కుట్టాను. ఆ ఐడియా నాదే, దానికి నన్ను నేను చాలా మెచ్చుకున్నాను.

తల్లి వేషం ఎవరు వేస్తున్నారని అడిగితే, మాస్టారు రేపల్లె టీచరమ్మ పేరు చెప్పారు. నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఆ పిల్ల నాకు చెల్లెలితో సమానం. రేపల్లెలో బడిపంతులమ్మ, లూథరన్ చర్చి పాటల బృందంలో పెద్ద గొంతు. స్టేజి ఎక్కిందంటే వెనక బెంచీ వాళ్ళకు కూడా ఊపిరి వినపడేది. రాణి వేషానికీ, లాయరు వేషానికీ, పిచ్చిదాని వేషానికీ అన్నిటికీ బట్టలు నేనే కుట్టాను. కొలతలు తీస్తుంటే చక్కిలిగింతలని గెంతేది, నేను తిట్టేదాన్ని. అలాంటిది రెండున్నరేళ్ళ నుంచి నాటకాలు లేవు, నా కొట్టు మెట్టు ఎక్కింది లేదు. ఫోన్ చేస్తే ఇంట్లో పని, స్కూల్లో పని అనేది. పెద్దదైపోయిందిలే, మనం గుర్తుంటామా అని లోలోపల నొచ్చుకున్నాను. పైకి కూడా నలుగురితో అన్నాను, ఎందుకు దాచాలి.

"ఎలా ఒప్పించారండీ?" అని అడిగాను.

"నేనేం ఒప్పించలేదమ్మా. ఒళ్ళేమీ కనిపించదు కదా సార్ అని అడిగిందండి. గోరు కూడా కనిపించదమ్మా, తల నుంచి కాలి దాకా తొడుగే అన్నాను. అయితే వేస్తానండి అంది."

ఆ మాట నా చెవిన పడింది, కానీ బుర్రకెక్కలేదు.

వెంటనే ఫోన్ చేసి రమ్మన్నాను. "ఎందుకక్కా, ఆది జాకెట్టు పంపిస్తాగా" అంది. సరిగ్గా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే దాన్ని చూసి కొత్తది కుట్టేయడం, ఆది అంటే అంతే. మా ఊళ్ళల్లో సగం మంది ఆడవాళ్ళు టేపు మొహం చూడకుండానే జన్మంతా జాకెట్లు కుట్టించుకుంటారు. కానీ అది జాకెట్లకు చెల్లుతుంది. తల నుంచి కాలి దాకా కుట్టే తొడుగుకు ఎక్కడన్నా ఆది పంపుతారా? వేరే ఎవరన్నా ఆ మాట అంటే తిట్టి ఉండేదాన్ని. తీరా ప్యాసింజర్లో వాళ్ళ పక్కింటావిడ తెచ్చిచ్చిన సంచీ విప్పి చూస్తే, అది నేను కుట్టిన జాకెట్టే. ఆకుపచ్చది, సన్నంచుది. నా కుట్టు చూసుకుని నాకే ముద్దొచ్చింది. నేను కుట్టింది తప్పదు, దీన్ని చూసి కుట్టేది అసలే తప్పదు అనుకున్నాను. కాళ్ళ పొడుగూ, చేతుల పొడుగూ ఎటూ నా పాత పుస్తకంలో ఉన్నాయి. పొగరని ముందే చెప్పాను కదా.

ఈ నాటకం ఆడేది పోటీల్లో. ఆ పోటీలు తెనాలిలోనే, ఇంకా వారం ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె రైలు దిగి వచ్చింది. ఇద్దరు మగ నటులు అప్పటికే వచ్చి తమ తొడుగులు వేసుకుని చూసుకుని, బాగున్నాయని చెప్పి వెళ్ళిపోయారు. ఆమె కొంచెం చిక్కింది, జుట్టు పొట్టిగా ఉంది. "ఏంటే, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అన్నాను. నవ్వింది. తొడుగు చేతికిచ్చి కర్టెన్ లోపలికి పంపాను.

"నేనూ రానా? జిప్పు వెనకుంది, నీకందదు."

"వద్దక్కా. నేనే వేసుకుంటా."

చాలాసేపటికి బయటికొచ్చింది. జిప్పు సగమే పడింది. కుడి పక్కన కుట్టు బ్రహ్మాండంగా కూర్చుంది. ఎడమ పక్కన గుండెల దగ్గర బట్ట లోపలికి సొట్టపోయి, మడత పడి ఉంది. నాకు ఒళ్ళు మండింది. నా కొట్టులో, నా చేతి కుట్టు, అలా సొట్టపోవడమేంటి?

"ఇదేం వేసుకోవడమే! తిన్నగా నిలబడు. బట్ట మెలిపడినట్టుంది" అని గదమాయిస్తూ వెళ్ళి ఆ మడత పట్టుకుని సర్దబోయాను. సర్దడానికి అక్కడేమీ లేదు. నా వేళ్ళకు ముందు తెలిసింది, నాకు తర్వాత తెలిసింది.

"తీసేశారక్కా" అంది ఆమె, నా వైపు చూడకుండా. "రెండున్నరేళ్ళయింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. మందులు కూడా అయిపోయినాయి."

ఏడుపు రాలేదు నాకు. ముందు కోపం వచ్చింది, అదీ నా మీదే. రెండున్నరేళ్ళు ఈ పిల్లను తిట్టుకున్నాను కదా, నలుగురిలో అన్నాను కదా అని సిగ్గేసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నీ దగ్గరికొస్తే టేపు పెడతావుగా."

గబగబా అలమరలోంచి ఫోమ్ ముక్క తీశాను. "ఇదెంత పని? రెండు నిమిషాలు. లోపల కుట్టేస్తాను, దేవుడికి కూడా తెలీదు" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "చాలక్కా. రెండున్నరేళ్ళ నుంచి దూది మోస్తానే ఉన్నా. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే జారుద్ది. పిల్లలకి వీపు తిప్పి సర్దుకుంటా. చర్చిలో పాడతా పాడతా చూసుకుంటా ఉంటా. స్టేజి మీద ఎటు తిరిగి సర్దుకోను? జనానికి వీపు చూపించకూడదని నువ్వేగా చెప్పేదానివి. ఈ తొడుగు దళసరిగా ఉంటుంది, నా సంగతి నాకే తెలీదులే అనుకుని ఆశపడ్డాను. సార్‌కి జ్వరమని చెప్పేస్తా. ఇంకెవర్నన్నా చూసుకుంటారు. నాకింక ఈ నాటకాలు వద్దులే అక్కా."

మాట్లాడుతూనే ఛాతీ మీద నేను కుట్టిన సెలైను పైపును వేలితో పక్కకు తోసింది. పురుగును తోసినట్టు తోసింది. ఆ పైపుల కింద ఈ పిల్ల ఎన్ని పూటలు కూర్చుందో అప్పుడు తట్టింది నాకు. కత్తెర తీసుకుని ముందు ఆ పైపులన్నీ తెగ్గోసి చెత్తబుట్టలో పారేశాను.

ఆమె బట్టలు మార్చుకోవడానికి కర్టెన్ వైపు నడిచింది. ఈ పిల్ల ఇప్పుడు రైలెక్కితే మళ్ళీ స్టేజి ఎక్కదు. నాకు తెలుసు. ఆ గొంతు బడి గోడల మధ్యే ఉండిపోతుంది.

కొయ్యకు మగవాళ్ళ తొడుగులు రెండూ వేలాడుతున్నాయి. రెండూ రెండు పక్కలా సమానంగా, నున్నగా, నా పనితనమంతా చూపిస్తూ. వాటిని చూస్తూ నిలబడ్డాను. ఆ జాతిని ఎవరు చూశారు? వాళ్ళకు రెండు పక్కలూ సమానంగా ఉంటాయని ఎవరు చెప్పారు? మాస్టారు వాళ్ళకు నీళ్ళిచ్చారు, ఓడ ఇచ్చారు, భాష ఇచ్చారు. ఒళ్ళిచ్చేది నేను కదా.

ఒక తొడుగు బల్ల మీద పరిచి, ఎడమ పక్క భుజం దగ్గర్నుంచి నడుము దాకా కత్తెర దించాను.

"అక్కా! ఏం చేస్తన్నావ్! వారంలో పోటీ!" అని పరిగెత్తుకొచ్చింది.

"వీళ్ళ జాతికి ఒక పక్కే ఉంటుంది" అన్నాను. "కుడి పక్కన నీళ్ళ సంచీ. ఎడమ పక్కన చదును. తల్లికంతే, మగాళ్ళకంతే, పుట్టబోయే వాళ్ళకంతే."

ఆమె కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

"లే. టేపు పెట్టాలి" అన్నాను.

లేచింది. తలుపు గడియ వేసి కొలతలు తీశాను. ఆసుపత్రివాళ్ళ కుట్టు చంక దాకా ఉంది, కొస దగ్గర కొంచెం ముడుచుకుని. నా నోరు ఊరుకుంటుందా? "ఎవరు కుట్టారే ఇది? నా దగ్గరికి పంపితే సాపుగా కుట్టి పంపేదాన్నిగా" అన్నాను. కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు టేపు జారిపోయి మళ్ళీ మొదటి నుంచి తీయాల్సొచ్చింది.

నాలుగు రోజులు వేరే పని ముట్టలేదు. మూడు తొడుగులూ విప్పి కొత్తగా కత్తిరించాను. కుట్లన్నీ ఎడమ మెడ దగ్గర పుట్టి కుడి పక్కనున్న సంచీ వైపు ఏటవాలుగా వెళ్ళేలా పెట్టాను, కాలవలన్నీ ఒక చెరువులోకి పోయినట్టు. ఎడమ పక్కన ఎంత చదునుగా, ఎంత నిక్కచ్చిగా ఉందంటే, అదే అందమనిపించింది. జిప్పు వెనక నుంచి తీసి ఎడమ పక్కకు తెచ్చాను, ఎవరి సాయం లేకుండా తనే వేసుకోవచ్చు. మగవాళ్ళిద్దరికీ కుడి పక్కన ఫోమ్ దట్టించాను. అందులో ఒకతను కరెంటు పని చేస్తాడు, గొణిగాడు.

"అక్కా, ఒక పక్కే బరువు లాగుతోంది."

"లాగనీ. నీ జాతి అంతే" అన్నాను.

అసలు గండం మాస్టారు. బాపట్లలో వాళ్ళ బడి హాల్లో రిహార్సలు. తొడుగులు చూడగానే ఆయన మొహం మాడిపోయింది. "ఏంటమ్మా ఇది? బొమ్మలో నేను ఇలా గీయలేదు కదండీ! ఒక పక్క ఉంది, ఒక పక్క లేదు. చూసేవాళ్ళు కుట్టడం చేతకాలేదనుకుంటారు."

కుట్టడం చేతకాలేదట! వేరే రోజైతే ఆ మాటకు తొడుగులు ఆయన మొహాన కొట్టి రైలెక్కేదాన్ని. ఆ రోజు మింగాను. అసలు సంగతి చెప్పడానికి లేదు, నాకు మాత్రమే చెప్పిన మాట అది. చదివింది ఎనిమిదో తరగతి, ఎదురుగా సైన్సు మాస్టారు. అయినా తగ్గలేదు.

"మాస్టారూ, మీరెప్పుడన్నా నిజాంపట్నం రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు చూశారా? పళ్ళెంలా పలచగా ఉంటుంది ఒక చేప. రెండు కళ్ళూ ఒకే పక్కనుంటాయి. రెండో పక్క ఉత్త చదును. దానికేం తక్కువండీ? హాయిగా ఈదుతుంది, గుడ్లు పెడుతుంది. నీళ్ళల్లో ఉండేవాళ్ళకి రెండు పక్కలూ ఒకేలా ఉండాలని మీ పుస్తకంలో ఎక్కడన్నా రాసుందా?"

ఆయన తొడుగు చుట్టూ ఒకసారి తిరిగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అరెరె" అన్నారు. "చిన్నప్పుడు దానికి రెండు పక్కలా కళ్ళుంటాయండి, పెరిగే కొద్దీ ఒక కన్ను ఇటు జరుగుతుంది. నేను పిల్లలకి పాఠం చెబుతానే! ఇది నాకు తట్టలేదేంటి?" నాకు దణ్ణం కూడా పెట్టారు. గెలిచాననుకున్నాను. ఆమె హాలు మూల నిలబడి తల వంచుకుని నవ్వుకుంటోంది.

కానీ ఆయన ఊరుకుంటేనా? పోటీ ముందు రోజు రిహార్సలుకు ఆ సంతోషమంతా నాటకంలో రాసుకుని వచ్చారు. గట్టు మీద డాక్టరు వేషం ఆయనదే. కొత్తగా ఒక మాట కలిపారు. డాక్టరు ఆ తల్లిని చూసి జాలిగా, "అయ్యో, ఈ పక్కన మీకేమైందమ్మా?" అని అడగాలి. దానికి ఆమె నీళ్ళ ఒత్తిడి గురించీ, చేప గురించీ నాలుగు వాక్యాలు పాఠంలా చెప్పాలి. పాపం ఆయనకేం తెలుసు. సైన్సు జనానికి అర్థం కావాలని ఆయన ఆరాటం.

ఏ ప్రశ్న ఎవరూ అడగకూడదని ఈ పిల్ల రెండున్నరేళ్ళు ఇంట్లో దాక్కుందో, అదే ప్రశ్న నిండు సభలో, మైకులో అడిగించబోతున్నారు. దానికి కారణం నేను. ఆమెను పక్కకు లాగాను.

"ఆ మాట తీయిస్తాను. ఏదో ఒకటి చెప్పి తీయిస్తాను. నువ్వు కంగారుపడకు."

ఆమె చేతిలో ఉన్న కొత్త కాగితం మడిచి, "ఉండనీ అక్కా" అంది.

"చెప్పగలవా?"

"ఏమో."

ఆ ఒక్క మాట పట్టుకుని నేను తెల్లారేదాకా మథనపడ్డాను.

పోటీ రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. తెనాలి జనం నాటకం చూడటానికి వచ్చారంటే పరీక్ష పేపర్లు దిద్దడానికి వచ్చినట్టే, ఎక్కడ తడబడతారా అని చూస్తారు. నేను సూది, దారం, నాలుగు పిన్నులు పట్టుకుని వింగ్ పక్కన నిలబడ్డాను. తెర లేచింది. ముగ్గురూ మెల్లగా గట్టు మీదికి నడిచారు. సముద్రం రంగు తొడుగుల మీద లైటు పడి నిగనిగలాడింది. ముగ్గురికీ అదే ఒంపు, అదే చదును. హాల్లో గుసగుసలు లేవు, నవ్వులు లేవు. ఆ జాతి అలా ఉంటుందని జనం నమ్మేశారు. ఇక ఆమె గొంతు విప్పింది. అబ్బ, ఆ గొంతు! రెండున్నరేళ్ళు ఎక్కడ దాచుకుందో, కొంచెం బొంగురు కలిసి ఇంకా బాగుంది.

డాక్టరు వచ్చాడు. మాస్టారు మెడలో స్టెతస్కోపుతో ఆమె చుట్టూ తిరిగారు. ఆగి, జాలి మొహం పెట్టి, "అయ్యో, ఈ పక్కన మీకేమైందమ్మా?" అని అడిగారు.

ఆమె జవాబు చెప్పలేదు. ఒకటి, రెండు, మూడు ఊపిరులు లెక్కపెట్టాను. మర్చిపోయిందా? ఏడుస్తోందా? నాకు వెళ్ళి తెర లాగేయాలనిపించింది. మాస్టారు కంగారుగా మళ్ళీ అడగబోయారు. ఆమె చెయ్యెత్తి ఆయన్ని ఆపి, నాలుగడుగులు ముందుకు వేసి జనానికి ఎదురుగా నిలబడింది. తర్వాత తల తిప్పి డాక్టర్ని పై నుంచి కింద దాకా, ఒక పక్కా రెండో పక్కా తీరిగ్గా చూసింది.

"నాకేం కాలేదు డాక్టరుగారూ. మేం ఇలాగే ఉంటాం" అంది. "పాపం, మీరే రెండు పక్కలా ఒకేలా ఉన్నారు. మీకేమైంది?"

హాలు ఘొల్లుమంది. ఈలలు, చప్పట్లు, బెంచీలు చరిచిన మోత. ఆ మాట కాగితంలో లేదు. చేప లేదు, నీళ్ళ ఒత్తిడి లేదు. నేను చేతిలో పిన్నులు పారేసి, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా భోరుమని ఏడ్చాను. మాస్టారికి తర్వాతి మాట గుర్తు రాలేదు. ఆమె మాత్రం తొందరపడలేదు. నిండు సభ ముందు, నిటారుగా, ఆయన జవాబు చెప్పేదాకా ఎదురుచూసింది.